షాట్ అయ్యాక నవ్వాలి

పనంకాడు
3 ఫిబ్రవరి 1985

చేతులకు తెల్ల తొడుగులేసుకుని మద్రాసులో సినిమా రీళ్ళు కత్తిరించే పొన్నరసి దొరసాని గారికి, గోచీ పెట్టుకుని పసుపు తోటకు నీళ్ళు కట్టే మీ తాత సడైయప్పన్ ఎవరి చేతా రాయించకుండా స్వయంగా రాసుకున్నది.

నీ ఉత్తరం అందింది. నేను చదువుతుంటే మీ అమ్మ రాసాత్తి చేట పట్టుకుని నా చుట్టూ తిరిగింది. "ఏం రాసింది మామా, ఏం రాసింది?" అని. "మద్రాసులో కొళాయికి నీళ్ళు రావట్లేదట" అన్నాను. "ఆ ఒక్క మాటకి నాలుగు పేజీలా?" అంది. మీ అమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చింది. నాకు మాత్రం వయసుతో వచ్చింది.

నువ్వు రాసింది ఇంతే కదా? కదిరేశన్‌నే చేసుకుంటావు. వాడు మా చెల్లెలు వెళ్ళయమ్మ మనవడు. వరస కుదురుతుంది. కానీ పిల్లనడగడానికి మగపిల్లవాడి పెద్దలు మనింటికి రావాలి. అక్కడ పెద్దంటే వెళ్ళయమ్మే. అది మన గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. కాబట్టి నేనే ఏదో చేసి దాన్ని రప్పించాలి.

చాలా తేలిగ్గా రాశావే అమ్మాయ్.

దాని కొడుకు, అదే కదిరేశన్ నాన్న, మరుదన్‌కి చెవులు కుట్టించిన నాటి సంగతి నీకు తెలుసు. కానీ బతికున్న రోజుల్లో మీ నాయనమ్మ చెప్పిన వైపు నుంచి తెలుసు. నా వైపు నుంచి విను. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ ఎవరి ఒడిలో కూర్చోవాలి? మేనమామ ఒడిలో. నేను బండి కట్టుకుని, సారె పళ్ళేలు నింపుకుని, కొత్త పంచె గరగరలాడించుకుంటూ కాలవ అవతల దాని అత్తవారి ఊరు కరైమేడు పోతే ఏం చూశాను? పిల్లాడి చెవులకు అప్పటికే రక్తం కారుతోంది. వాడు ఎవడి ఒడిలో ఉన్నాడు? వాళ్ళ చిన్నాన్న ఒడిలో! మేనమామ బతికుండగా! పళ్ళేలు గుమ్మంలో బోర్లించి వచ్చేశాను. అది వెనక నుంచి అరిచింది: "నీ చావుకైనా నీ గుమ్మం తొక్కను పో!" నలభై ఏళ్ళ పైమాట. మాట మీద నిలబడే మనిషి. మా అమ్మ పోలిక.

అది వస్తే పిల్లనిస్తాను. నేను పోయి అడగను. పిల్ల వైపు వాళ్ళం మనం, పోయి అడిగితే ఊళ్ళో నా మీసం గొరిగి గాడిదకు అతికిస్తారు.

ఇంకో మాట. ఇదే వారం మన ఊరికి సినిమావాళ్ళు దిగారు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మన అరుగే నచ్చిందట. వాళ్ళలో ఒక కుర్రాడు, అట్ట పట్టుకుని అందర్నీ అదిలిస్తుంటాడు, మన బావి ఎక్కడుందో అడక్కుండానే పోయి తోడుకున్నాడు. పేరు కదిర్ అన్నాడు. నవ్వితే మా వెళ్ళయమ్మ ముక్కు కనిపించింది. నేనేమీ ఎరగనట్టు కొబ్బరికాయలు ఒలవమని ఇచ్చాను.

నిజం చెప్పు. ఈ సినిమాను మన మీదికి తోలింది నువ్వేనా?

నీ మంచి కోరే, నిన్ను నమ్మని
తాత

పోస్టుమాన్‌కి: కవరు మళ్ళీ అతికించేటప్పుడు అన్నం మెతుకు వాడకు. పోయినసారి చీమలు పట్టాయి.


మద్రాసు
8 ఫిబ్రవరి 1985

తాతా,

నీ కోపిష్టి తలకి, నీ మీసం చివరికి నమస్కారాలు.

నేను తోలలేదు. ఆ కుర్రాడు కదిరేశనే, ఆ మాట నిజం. ఆ డైరెక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాడు. ఊరు వెతికింది మేనేజరు. మన అరుగు చూసి ముచ్చట పడింది కూడా ఆయనే. కదిరేశన్ నాకు రాశాడు, "మీ ఊరే వచ్చి పడింది, నన్ను నమ్ము" అని. నేను నమ్మాను. నువ్వు నమ్మవని నాకు తెలుసు.

వాడు నీకు తన పేరు సగమే ఎందుకు చెప్పాడో తెలుసా? పూర్తిగా చెబితే నువ్వు కర్ర తీస్తావని. నువ్వు గుర్తుపట్టి కూడా పట్టనట్టు ఎందుకున్నావు? వాడి చేత ఊరికే పని చేయించుకుందామని. ఇద్దరూ ఇద్దరే.

తాతా, ఒక్క సంగతి ఆలోచించు. మా హాస్టల్లో ఉత్తరాలు వార్డెను చూస్తుంది. వాడు వచ్చి గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ చూస్తాడు. ఎంతకాలం దాగుతుంది? అమ్మ నాకు తిరుప్పూరు నుంచి వేరే సంబంధం చూస్తోందని నాకూ తెలుసు. కరైమేడు అవ్వ ఏప్రిల్‌లో వచ్చే చిత్తిరై నెలలోగా మనింటికి పళ్ళెం పట్టుకుని రాకపోతే నాన్న వాళ్ళకు మాటిచ్చేస్తాడు. అప్పుడు నీ ఒట్లూ ఆవిడ ఒట్లూ మీ దగ్గర మిగులుతాయి. నాకేమీ మిగలదు.

వాడిని ఏడిపించకు.

నీ
పొన్నరసి


పనంకాడు
13 ఫిబ్రవరి 1985

బంగారు తల్లీ, దొంగల రాణీ,

ఏడిపించలేదు. వాడి చేత మేకల్ని పట్టించాను, అంతే. సినిమాలో హీరోయిన్ మేకలు కాసే పిల్లట. పట్నం నుంచి వచ్చిన బడి పంతులు ఆమెను ప్రేమిస్తాడట. ఆ పిల్ల చూడ్డానికి బాగానే ఉంది గానీ మేకను చూస్తే గొడుగు వెనకాల దాక్కుంటుంది. మన నల్లమేక ఆమె జడలో కాగితం పూలు మొత్తం నమిలేసింది. డైరెక్టరు "కట్, కట్" అని అరిచాడు. నల్లమేక ఆపలేదు. దానికి ఆ భాష రాదు.

కదిరేశన్‌ని అడిగాను, "ఏం నాయనా, మీది ఏ ఊరు?" అని. "ఈ పక్కనే తాతా" అన్నాడు. "ఏ పక్క?" అన్నాను. కాలవ అవతలికి చెయ్యి చూపించి, వెంటనే ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. "మీ అవ్వ బాగుందా?" అన్నాను. "బాగుంది తాతా. మోకాళ్ళ నొప్పులు." "నోటికి ఏ నొప్పీ రాలేదా?" అన్నాను. పారిపోయాడు. కొబ్బరి పీచు నా ఒళ్ళో పడేసి మరీ పారిపోయాడు. పిల్లాడు మంచివాడేలే. పరిగెత్తడం వచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. సినిమాలో ఆ మేకల పిల్లకు ఒక తాత. తాత చచ్చిపోతాడు. అరుగు మీద శవాన్ని పెట్టి, శంఖం ఊది, డప్పులు కొట్టి, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని శోకాలు పెట్టాలట. దానికి ఒక ముసలాడు కావాలి. ఊళ్ళో ముసలాళ్ళందర్నీ అడిగారు. ఒక్కడూ ఒప్పుకోలేదు. యముడికి చిరునామా మనమే ఇచ్చినట్టు అవుతుందని భయం. చివరికి మేనేజరు నా దగ్గరికొచ్చాడు. నా అరుగు, నా మంచం, నా మొహం. "మీరైతే బాగా కుదురుతారు తాతా" అన్నాడు. అది పొగడ్తో తిట్టో ఇంకా తేల్చుకోలేదు.

నన్ను అడగమని చెప్పింది ఎవరో కనుక్కున్నాను. మీ కదిరేశనే. ఎందుకు చెప్పాడు? "నీ చావుకైనా రాను" అన్న మాట వాడికి తెలియదా? శంఖం ఊదితే కాలవ అవతలికి వినిపిస్తుందని తెలియదా? చూశావా, వాడి బుర్ర ఎలా పనిచేస్తోందో! నన్ను చంపి అవ్వను రప్పిద్దామనుకుంటున్నాడు.

నేను ఒప్పుకున్నాను. ఎందుకో అడగకు. ఆ పూట బిర్యానీ పెడతామన్నారు.

మీ అమ్మ రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇల్లు హాయిగా ఉంది.

త్వరలో చావబోయే
తాత


మద్రాసు
17 ఫిబ్రవరి 1985

తాతా,

ఉత్తరం చూడగానే డబ్బాలోంచి తీసిన రీలు కింద పడేశాను. సూపర్‌వైజరు అక్క తిట్టింది. నీ మూలంగానే.

దయచేసి ఆ వేషం వెయ్యకు. వెయ్యక తప్పకపోతే ఒక్క పని మాత్రం మరిచిపోకు. సినిమాలో శవం వేషం వేసినవాళ్ళు షాట్ అయిపోగానే లేచి కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా రీలు మీద ఎక్కించాలి. అలా నవ్వకపోతే ఆ చావు ఒంటికి అంటుకుంటుందంటారు. పెద్ద పెద్ద నటులు కూడా మానరు. మా దగ్గరికొచ్చే ప్రతి చావు షాటు చివర ఒక నవ్వు ఉంటుంది. మేం దాన్ని కత్తిరించి పక్కన పెడతాం. పారెయ్యం. నువ్వు నవ్వాలి, గట్టిగా. మేనేజరు మరిచిపోయినా నువ్వు అడిగి మరీ నవ్వు.

కదిరేశన్‌కి కూడా రాశాను, "ఇందులో నీ ఆలోచన ఏమైనా ఉందా?" అని. "నీ తాత లాగే నువ్వూ మొదలుపెట్టావా?" అని జవాబు రాశాడు. అవునని గానీ కాదని గానీ రాయలేదు. అందుకే నాకు ఇంకా అనుమానంగా ఉంది.

నవ్వు. మరిచిపోకు.

పొన్నరసి


పనంకాడు
22 ఫిబ్రవరి 1985

పొన్నరసీ,

ఈసారి వేళాకోళం లేదు. ఉంటే పొరపాటున వచ్చింది అనుకో.

బుధవారం పొద్దున్నే నన్ను అరుగు మీద పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు కట్టారు. నుదుటి మీద నాణెం అతికించారు. ముక్కులో దూది పెడతానంటే "అది మాత్రం వద్దు, నిజంగానే పోతాను" అన్నాను. శోకాలకు మనూరి ఆడవాళ్ళనే కూర్చోబెట్టారు. నా కాళ్ళ దగ్గర కూర్చున్నావిడ ఏడుపు మధ్యలో "సడైయప్పన్నా, చీమ కుడుతోందా?" అని అడిగింది. శవం ఎలా జవాబు చెబుతుందే?

శంఖం ఊదారు. డప్పు మొదలైంది. మొదటి సారి ఎవరో తుమ్మారు. రెండో సారి కుక్క వచ్చింది. మూడో సారి అంతా కుదిరింది. కెమెరా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టాను.

అప్పుడు వీధి చివర నుంచి ఒక అరుపు. "అన్నా!" అని.

నన్ను "అన్నా" అని పిలిచే గొంతు ఈ లోకంలో ఒక్కటే ఉంది. నలభై ఏళ్ళయినా చెవి మరిచిపోలేదు.

వచ్చింది. గుంపును తోసుకుని వచ్చింది. కొత్త వేషం అనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. డైరెక్టరు "ఆపకండి, ఆపకండి" అని గుసగుసలాడటం వినిపించింది. నా మీద కొత్త పంచె కప్పింది. మడత వాసన వస్తోంది. గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తింది. కాలవలో నాకు ఈత నేర్పినవాడివి, నా పెళ్ళికి పసుపు దంచినవాడివి, నేను రానంటే నిజంగానే రమ్మనకుండా పోయావా అని. ఊళ్ళో ఆడవాళ్ళ దొంగ ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాళ్ళు నిజం ఏడుపు మొదలుపెట్టారు.

లేచి "నేను బతికే ఉన్నానే" అనేద్దామనుకున్నాను. లేవలేకపోయాను. ఎందుకో చెప్పలేను. అలా పిలిపించుకోవడం ఇంకొంచెం కావాలనిపించిందేమో.

మధ్యలో కాసేపు దాని గొంతు ఆగింది. డప్పు ఒక్కటే వినిపించింది. తర్వాత మళ్ళీ ఎత్తుకుంది, ముందు కంటే గట్టిగా. ఈసారి శోకంలా లేదు, కొట్లాటలా ఉంది. "పళ్ళేలు గుమ్మంలో బోర్లించిన మారాజా! ఎవరి ఒడిలో కూర్చోబెట్టాలో ఆ ఇంట్లో నన్నెవరైనా అడిగారా? కొత్త కోడల్ని, నోరెత్తగలనా? అన్న వస్తాడు, ఆగండని మా అత్త కాళ్ళు పట్టుకున్నానే! నువ్వు పళ్ళేలు చూశావు, బిడ్డ చెవులు చూశావు, ఒక్కసారి నా మొహం వంక చూశావా?" అని.

"కట్!" అన్నాడు డైరెక్టరు. వెంటనే మేనేజరు, "తాతా, నవ్వండి! లేచి నవ్వండి! గట్టిగా!" అని అరిచాడు. నువ్వు కూడా అదే రాశావు కదా. మరిచిపోకు, నవ్వు, నవ్వు అని. నేను లేచి కూర్చుని కళ్ళు తెరిచాను. ఎదురుగా దాని మొహం. నవ్వాను. పెద్దగా, పళ్ళన్నీ కనిపించేలా, దాని మొహం మీదే నవ్వాను.

అది భయపడలేదు. దెయ్యం అనలేదు. నెమ్మదిగా లేచి జుట్టు ముడేసుకుంది. "బాగా నవ్వు" అంది. "నా వరకు నువ్వు చచ్చావు. పోయి తలస్నానం చేస్తున్నాను."

కదిరేశన్ "అవ్వా, అవ్వా" అని వెంటపడ్డాడు. వాడిని కూడా చూడలేదు.

బిర్యానీ పెట్టారు. తినలేదు.

తాత


మద్రాసు
26 ఫిబ్రవరి 1985

తాతకి,

నీ ఉత్తరం కంటే ముందే కదిరేశన్ ఉత్తరం వచ్చింది. కాబట్టి నాకు ఏదీ కొత్తగా చెప్పక్కర్లేదు.

అవ్వ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదట. పక్కింటివాళ్ళు గంజి తెచ్చి ఇచ్చారట. నిజంగా చావు జరిగిన ఇంట్లో లాగే. "అవ్వా, అది సినిమా ఆచారం, శవం వేసినవాళ్ళు నవ్వాలి" అని కదిరేశన్ చెబితే, "మీ తాతా మనవళ్ళు కలిసి నా మీద సినిమా తీశారు" అందట. వాడిని ఇంట్లోకి రానివ్వడం లేదు. యూనిట్ వాళ్ళతో పాటు బడిలో పడుకుంటున్నాడు.

నాకు నిజం చెప్పు. నువ్వు కావాలనే చేశావు కదూ? బిర్యానీ కోసం అని రాశావు. శంఖం కాలవ అవతలికి వినిపిస్తుందని నువ్వే రాశావు. తెలిసి కూడా పడుకున్నావు. ఆవిడ ఒట్టు ఓడిపోవడం నీ కళ్ళతో చూద్దామని. కళ్ళు మూసుకున్నావు కాబట్టి చెవులతో విందామని. విన్నావు. గెలిచావు. లేచి నవ్వావు.

నువ్వు గెలిచావు గానీ నా పెళ్ళి పోయింది. అమ్మ రాసింది, తిరుప్పూరు వాళ్ళు వచ్చే నెల వస్తారట.

నవ్వమని రాసింది నేనే. ఆ ముక్క తలుచుకుంటే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తోంది.

పొన్నరసి


పనంకాడు
1 మార్చి 1985

పొన్నరసీ,

తాతకి అని రాశావు. తాతా అని కూడా కాదు. తాతకి. కరెంటు ఆఫీసువాళ్ళకి రాసినట్టు.

సరే, నన్ను అనుమానించు. పెంచిన చేతికి అదీ దక్కాల్సిందే. కానీ నీ అనుమానంలో సగం మీ కరైమేడు అవ్వకు కూడా పంచు. నేను ఈ పది రోజులూ పసుపు తోటలో కూర్చుని ఆలోచిస్తున్నాను. శవానికి ఎవరైనా సంజాయిషీ చెబుతారా? "మా అత్త కాళ్ళు పట్టుకున్నానే" అని చచ్చినవాడికి చెప్పి ఏం లాభం? పోయినవాడి గురించి వాడి మంచితనం చెబుతారు, వాడు తిన్నది చెబుతారు, కట్టింది చెబుతారు. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పరు. అంటే దానికి తెలుసు! నేను బతికున్నానని తెలుసు. గొంతు మధ్యలో ఆగింది చూడు, అప్పుడు కెమెరా చూసింది. లైట్లు చూసింది. సినిమా అని తెలిసిపోయింది. అయినా ఆపలేదు. ఊరందరి ముందు నన్ను కడిగేద్దామని, సినిమాలో కూడా ఎక్కుదామని సాగించింది. నటన! నన్ను శవం అన్నారు గానీ అసలు నటి అది!

ఈ మాట రాసాత్తితో అన్నాను. అది చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "ఆవిడ కప్పిన పంచెను రోజూ ఎండలో వేసి ఎందుకు తీస్తున్నారు మామా?" అంది. చీమలు పడతాయని చెప్పాను.

నమ్మలేదు.

ఎవరికీ తాత కానివాడు


మద్రాసు
4 మార్చి 1985

తాతా,

కూర్చుని చదువు. బావి గట్టు మీద కాదు, ఇంట్లో కూర్చో.

నీ రీలు మా ల్యాబుకి వచ్చింది. మొదట నెగటివ్ చూశాను. అందులో నీ మీసం నల్లగా, మొహం బొగ్గులా, అవ్వ తెల్ల చీర కాటుకలా ఉంది. నాకు అంత కష్టంగా ఉన్నా నవ్వొచ్చింది. తర్వాత సూపర్‌వైజరు అక్కను బతిమాలితే పాజిటివ్ ప్రింటును మెషీను మీద తిప్పి చూపించింది. అందులో గొంతులుండవు తాతా. మాటలు తర్వాత వేరే గదిలో పలికిస్తారు. కాబట్టి నువ్వు విన్నది నేను వినలేదు. కానీ నువ్వు కళ్ళు మూసుకున్నావు. నేను చూసింది నువ్వు చూడలేదు.

ఆవిడ వచ్చింది, పంచె కప్పింది, నీ మీద పడి ఏడ్చింది. తర్వాత నీ చెంప నిమురుతూ ఉండగా చెయ్యి ఆగింది. వేళ్ళు నీ ముక్కు దగ్గర పెట్టింది. అక్కడే ఉంచింది. నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి మాట రావడం లేదని తెలుస్తోంది. గొంతు ఆగిందని నువ్వు రాసింది ఇక్కడే. కెమెరా వంక చూడలేదు తాతా. లైట్ల వంక చూడలేదు. ఎక్కడా చూడలేదు. నీ మొహమే చూస్తోంది.

అప్పుడు నీ ఎడమ కంటి కొస నుంచి నీళ్ళు జారాయి. శవం కంట్లోంచి!

ఆవిడ గబుక్కున పైట కొంగుతో తుడిచేసింది. చుట్టూ ఎవరూ చూడకుండా చేతిని అడ్డం పెట్టి తుడిచింది. పంచె గడ్డం దాకా లాగి సర్దింది. ఆ తర్వాత మళ్ళీ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. అక్కను మళ్ళీ మళ్ళీ తిప్పమన్నాను. అక్క కూడా కళ్ళు తుడుచుకుంది. తొడుగులతోనే.

తాతా, నువ్వు సగం సరిగ్గా పట్టుకున్నావు. నువ్వు బతికున్నావని ఆవిడకు తెలుసు. కానీ అది నటన కాదు. బతికున్నవాడి ముఖాన చెప్పలేని మాట, చావు ఇంట్లో ఏడుస్తూ చెప్పుకోవచ్చు కదా. నువ్వు వింటున్నావని తెలిసే చెప్పింది. నలభై ఏళ్ళుగా దాచుకున్నది నీకు చెప్పి ముగించింది. నువ్వు లేచి ఏం చేశావు? పకపకా నవ్వావు.

నువ్వు మోసం చేశావని కాదు తాతా ఆవిడ కోపం. చెప్పుకున్నాక నవ్వావని.

నిన్ను అనుమానించినందుకు నన్ను తిట్టు. పడతాను. కానీ ముందు ఇంకో సంగతి విను. కదిరేశన్ రాశాడు: గురువారం అవ్వ నీకు కర్మ చేస్తోందట. పదహారో రోజు. ఎవరినీ పిలవలేదు. నీకు ఇష్టమైనవన్నీ వండి ఆకు వేస్తుందట. "బతికున్న మనిషికి ఎవరైనా చేస్తారా అవ్వా?" అని గుమ్మం బయట నిలబడి అడిగితే, "చచ్చినవాడు వద్దనడులే" అందట.

ఏం చెయ్యమని నేను రాయను. పోయినసారి నేను రాసినట్టే చేశావు.

నీ పొన్నరసి


పనంకాడు
8 మార్చి 1985

నా పొన్నూ,

బుధవారం సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దుమ్ము తాతా" అన్నాడు.

నువ్వు చూసింది నిజమో కాదో నాకు తెలియదు. ఆ లైట్ల వేడికి ఎవడి కంట్లోనైనా నీళ్ళొస్తాయి. సరే, అది పక్కన పెట్టు.

గురువారం పొద్దున్నే స్నానం చేశాను. అది కప్పిన పంచే కట్టాను. మీ అమ్మ చూసింది. "ఎక్కడికి మామా?" అంది. "కర్మకు పిలిచారు" అన్నాను. "ఎవరి కర్మ?" అంది. "నాదే" అన్నాను. "ఎవరు పిలిచారు?" అంది. కాలవ వైపు నడిచాను. పిల్ల వైపు వాళ్ళం పోయి అడగకూడదు కదా, మర్యాద పోతుంది కదా అని కాలవ గట్టు మీద ఒకసారి ఆగాను. తర్వాత అనుకున్నాను, చచ్చినవాడికి మర్యాదేమిటి? ఊళ్ళో నా మీసం గురించి నేనెందుకు బాధపడాలి? బతికున్న సడైయప్పన్ పోకూడదు గానీ చచ్చిన సడైయప్పన్ ఎక్కడికైనా పోవచ్చు.

ఎదురొచ్చిన వాళ్ళు "ఏం పెద్దాయనా, ఇటు?" అని అడిగితే "భోజనానికి" అన్నాను. ఒక్కడూ నమ్మలేదు.

వెళ్ళయమ్మ పెరట్లో నిలబడి "కా, కా" అని కాకిని పిలుస్తోంది. కాకి వచ్చి అన్నం ముట్టిన తర్వాతే కదా మిగతా పని. ఒక్క కాకీ రాలేదు. నేను వెనక నుంచి "కాకికి ఎందుకు శ్రమ, నేనే వచ్చాను" అన్నాను.

తిరిగి చూసింది. దాని జుట్టు ఇంత తెల్లబడిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మొహం చూశాను గానీ నవ్వే హడావుడిలో జుట్టు చూడలేదు.

"ఎవరు రమ్మన్నారు?" అంది.

"ఆకు వేశావని తెలిసింది."

"అది పోయినవాళ్ళకు."

"పోయాననేగా చెప్పుకుంటున్నావు. చెప్పులు బయటే విప్పాను. లోపలికి రానా, ఆత్మలకు కూడా అనుమతి కావాలా?"

నవ్వలేదు. పక్కకు జరిగింది, అంతే. నేను దాని గడప దాటాను. వంటింట్లో గోడ పక్కన ఆకు వేసి ఉంది. ఎండుచేపల పులుసు, ఉలవ రసం, రాగి సంకటి, మునగాకు వేపుడు. మా అమ్మ చేసినట్టే సంకటి మధ్యలో గుంట చేసి నూనె పోసింది. నేను కూర్చున్నాను. అది ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పి నిజమే, కూర్చోవడానికి చాలా కష్టపడింది.

"నవ్వడం వాళ్ళ ఆచారమే" అన్నాను. "శవం వేసినవాడు లేచి నవ్వకపోతే నిజంగా పోతాడట. నా మనవరాలు రాసింది. ఆ ఉత్తరం ఉంది, చూపిస్తాను."

"ఏడవడం మన ఆచారం" అంది. "అది రాదా నీకు?"

"వచ్చింది. నువ్వే తుడిచావు."

అది తల పక్కకు తిప్పుకుంది. నేను పులుసు కలుపుకున్నాను. ఉప్పు తక్కువైంది, ఆ సంగతి అనలేదు. నేను అనలేదంటే నమ్మవు. మీ అమ్మను అడుగు, ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో.

అప్పుడు నా కంటికి ఒకటి కనిపించింది. చచ్చినవాడికి వేసే ఆకు తిరగేసి వేస్తారు, కొస కుడి వైపుకు. నా ఆకు కొస ఎడమ వైపు ఉంది. బతికున్నవాడికి వేసినట్టు. మంచినీళ్ళ చెంబు కూడా పెట్టి ఉంది, నిండుగా, మూతతో సహా. ఏ దెయ్యానికి చెంబు మీద మూత కావాలే?

"వెళ్ళయమ్మా" అన్నాను, "ఈ ఆకు కొస ఇటు వైపు ఉందేమిటి?"

"తిను."

"నేను వస్తానని నీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు? కదిరేశనా? నా మనవరాలా? అందరూ కలిసి..."

"అన్నా. తిను."

తిన్నాను. ఇంకోసారి వడ్డించింది. అడక్కుండా వడ్డించింది. తినడం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే వెనకే వచ్చి నీళ్ళు పోసింది. కదిరేశన్ గోడ అవతల నిలబడి మా మాటలు వింటున్నాడు. తల కనిపించింది. "లోపలికి రా దొంగా" అంది వాడితో, "నీ ఆకు కూడా ఉంది." వాడు గోడ దూకే వచ్చాడు.

నేను పెళ్ళి మాట అడగలేదు పొన్నూ. నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆలస్యం చేశాను. ఒకే చెప్పును రెండుసార్లు వేసుకున్నాను.

అది గుమ్మంలో నిలబడి చెప్పింది:

"మీ కోడలితో చెప్పు. వచ్చే బుధవారం పళ్ళెం పట్టుకుని వస్తున్నాం, పిల్లనడగడానికి. మరుదన్ కూడా వస్తాడు." నేను మెట్టు దిగుతుంటే అంది, "మేం వచ్చేసరికి నువ్వు అరుగు మీద పడుకుని ఉండకు అన్నా. కూర్చుని ఉండు. మళ్ళీ అలా చూడలేను."

ఇంటికి రాగానే మీ అమ్మతో చెప్పాను. నమ్మలేదు. నువ్వు సెలవు పెట్టి రా. నువ్వు చెబితే నమ్ముతుందేమో.

బుధవారం కోసం కూర్చోవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్న
నీ తాత
సడైయప్పన్